ఎర్రబస్సు కథాకమామీషు: ఆర్టీసీ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆర్టీసీల మీద పదేపదే వినిపించే ప్రశ్నలు ఇవి. టైమింగులు, ఛార్జీల పట్టికలు ఇక్కడ దొరకవు. అవి మారుతూ ఉంటాయి కాబట్టి బస్టాండు ఎంక్వయిరీలో అడగడమే మేలు. ఈ బస్సులు ఎక్కడి నుంచి వచ్చాయి, ఎలా నడుస్తున్నాయి, డబ్బు ఎటు నుంచి వచ్చి ఎటు పోతోంది అన్నదే ఇక్కడ విషయం.

ఆర్టీసీ పుట్టింది 1932లోనా, 1958లోనా?

బస్సుల లెక్కన 1932, కార్పొరేషన్ లెక్కన 1958. నిజాం రాష్ట్ర రైల్వేకు అనుబంధంగా 1932 జూన్‌లో రోడ్డు రవాణా విభాగం మొదలైంది. అప్పటికి ఉన్నవి 27 బస్సులు, 166 మంది సిబ్బంది, 3.93 లక్షల రూపాయల పెట్టుబడి. రైళ్లు నడిపేవాళ్లకు బస్సులతో ఏం పని అంటారా? పట్టాలు లేని ఊళ్ల జనాన్ని స్టేషన్‌కు చేర్చాలి, పట్టాల పక్కనే ప్రైవేటు బస్సులు పోటీకి దిగకుండా చూసుకోవాలి. ఆ రెండు పనులకూ సొంత బస్సులుండటమే మంచిదనుకున్నారు.

1951 నవంబర్ 1న ఈ విభాగాన్ని రైల్వే నుంచి విడదీసి హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వంలో ఒక శాఖ చేశారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక, 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం కింద 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ వచ్చింది. అంటే ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో తిరుగుతున్న సంస్థలకు మూలం హైదరాబాద్ సంస్థానంలో ఉంది. కోస్తా, రాయలసీమల్లో ఆర్టీసీ అడుగుపెట్టిన కథ వేరు.

మరి ఆంధ్ర ప్రాంతంలో అంతకుముందు ఏముండేది?

ప్రైవేటు బస్సులు. ఒక్కో రూటు ఒక్కో యజమాని చేతిలో ఉండేది. కొందరికి ఒకటి రెండు బస్సులు, కొందరికి పదులకొద్దీ. పర్మిట్ అంటే ఆస్తి కిందే లెక్క. జాతీయీకరణ అంటే ఆ రూట్లను ఆ యజమానుల నుంచి తీసుకుని ఆర్టీసీకి ఇవ్వడం. ఊరికే ఇచ్చేస్తారా? కోర్టుకెక్కారు.

మోటారు వాహనాల చట్టంలో 1956లో కొత్త అధ్యాయం ఒకటి చేర్చారు. దాని ప్రకారం ప్రభుత్వ రవాణా సంస్థ ముందు ఒక స్కీమ్ ప్రకటించాలి, యజమానుల అభ్యంతరాలను ప్రభుత్వం విని నిర్ణయం చెప్పాలి. కృష్ణా జిల్లా స్కీమ్ మీద గుళ్లపల్లి నాగేశ్వరరావు, మరికొందరు బస్సు యజమానులు వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అక్కడ తేలిందేమిటంటే, అభ్యంతరాలు విన్నది రవాణా చూసే కార్యదర్శి, ఉత్తర్వు ఇచ్చింది ముఖ్యమంత్రి. పైగా ఆ కార్యదర్శి స్కీమ్ తెచ్చిన శాఖకే పెద్ద. ఒకరు విని ఇంకొకరు తేల్చడం విచారణ అనిపించుకోదని ఐదుగురు న్యాయమూర్తుల్లో ముగ్గురు చెప్పారు, ఉత్తర్వు కొట్టేశారు. మెజారిటీ తీర్పు రాసింది కోకా సుబ్బారావు. ప్రభుత్వం మళ్లీ మొదటి నుంచి మొదలెట్టి, ఈసారి ముఖ్యమంత్రే స్వయంగా విని నిర్ణయం చెప్పారు. అది 1959లో నిలబడింది. దేశంలో ఎక్కడ పరిపాలనా న్యాయశాస్త్రం చదివినా ఈ బెజవాడ బస్సుల కేసు తగలక మానదు.

కర్నూలు జిల్లా రూట్ల కేసు ఇంకా దూరం పోయింది. రాజకీయంగా తనకు గిట్టనివాళ్ల రూట్లు ముందు లాగేసుకునేలా ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి ఒత్తిడి తెచ్చారన్నది ఆరోపణ. దాన్ని కాదంటూ ఆయన స్వయంగా అఫిడవిట్ వేయలేదు. సుప్రీంకోర్టు దాన్ని పట్టుకుని వ్యాఖ్యలు చేయడంతో 1964 ఫిబ్రవరిలో ఆయన రాజీనామా చేశారు, కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. బస్సు రూట్ల మీద ముఖ్యమంత్రి కుర్చీ దిగిన సందర్భం అది. ఆ తర్వాత ఆయన రాష్ట్రపతి కూడా అయ్యారనుకోండి.

ఇంత గొడవపడి రూట్లు తీసుకోవడం దేనికి?

ఎందుకంటే బాగా డబ్బొచ్చే రూటు, రాని రూటు ఒకే చేతిలో ఉంటే తప్ప రెండోది నడవదు. విజయవాడ–హైదరాబాద్ బస్సు నిండుతుంది. మండల కేంద్రం నుంచి పదిహేను కిలోమీటర్ల లోపలున్న ఊరికి పోయే బస్సు పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు నిండుతుంది, మధ్యాహ్నం ఖాళీగా తిరుగుతుంది. మొదటిదాని మిగులుతో రెండోదాన్ని నడపడమే ఆర్టీసీ ఉద్దేశం. దాని మీద వచ్చే వాదనలన్నీ, ప్రైవేటుకు ఇచ్చేయమన్నా, ప్రభుత్వంలో కలపమన్నా, టికెట్ ఎత్తేయమన్నా, చివరికి ఈ లెక్క దగ్గరికే వస్తాయి.

బస్సు నంబర్లలో ‘జెడ్’ అక్షరం ఎందుకు?

ఆ సిరీస్ ఆర్టీసీకి ప్రత్యేకంగా కేటాయించారు. పాత రోజుల్లో ఏఏజెడ్, తర్వాత ఏపీ 11 జెడ్, ఏపీ 28 జెడ్, ఏపీ 29 జెడ్, తెలంగాణ వచ్చాక టీఎస్ నంబర్లతో జెడ్. ఏడో నిజాం తన తల్లి జహ్రా బేగం పేరు బస్సుల మీద ఉండాలని కోరాడనీ, అందుకే ఆమె పేరులోని మొదటి అక్షరం ఇచ్చారనీ హైదరాబాద్‌లో చెప్పుకుంటారు. వినడానికి బాగుంటుంది. పాత డ్రైవర్లు దీన్ని కళ్లతో చూసినట్టే చెబుతారు.

గౌలిగూడ బస్టాండు ఏమైంది?

గుండ్రటి పైకప్పుతో పెద్ద ఇనుప షెడ్డు ఒకటి ఉండేది, విమానాల కోసం తెప్పించిందని అంటారు. నిజాం కాలం నుంచి అదే నగరపు బస్టాండు. 1994లో మూసీ మధ్యలో ఇమ్లీబన్ దగ్గర మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వచ్చాక దూరప్రాంతాల బస్సులు అక్కడికి మారాయి, పాత షెడ్డు సిటీ బస్సులకు మిగిలింది. 2018 జులైలో అది కూలిపోయింది. ప్రమాదమని అంతకు కొద్ది రోజుల ముందే బస్సులను ఆపేయడంతో ప్రాణనష్టం తప్పింది.

కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ వైపు పోయేవాళ్లకు సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్ ఉంది. విజయవాడలో పండిట్ నెహ్రూ బస్ స్టేషన్, విశాఖలో ద్వారకా బస్ స్టేషన్. ముషీరాబాద్ బస్ భవన్ ఉమ్మడి సంస్థకు కేంద్రంగా ఉండేది. సినిమా హాళ్ల పేరు చెప్పగానే గుర్తొచ్చే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కు ఆ పేరు ఆర్టీసీ వల్లే వచ్చింది.

ప్రపంచంలోనే పెద్ద బస్సు సంస్థ అన్న మాట నిజమేనా?

ఒకప్పుడు నిజం. పద్దెనిమిది వేలకు పైగా బస్సులతో ఉమ్మడి ఏపీఎస్ఆర్టీసీ 1999లో గిన్నిస్ రికార్డులకెక్కింది. విడిపోయాక ఆ మాటకు అర్థం లేదు.

విభజన ఎలా జరిగింది? ఇప్పుడు సంస్థలెన్ని?

రాష్ట్రం విడిపోయింది 2014 జూన్ 2న. బస్సులు, డిపోలు ఎక్కడివి అక్కడే కాబట్టి వాటితో పేచీ రాలేదు. 2015 జూన్ నుంచి రెండు వైపులా ఎవరి నిర్వహణ వాళ్లది. తెలంగాణ సంస్థను చట్టప్రకారం 2016లో ఏర్పాటు చేశారు. మొదట టీఎస్ఆర్టీసీ, రాష్ట్ర సంక్షిప్త నామం మారాక 2024 నుంచి టీజీఎస్ఆర్టీసీ. ఏపీఎస్ఆర్టీసీ ప్రధాన కార్యాలయం విజయవాడకు మారింది, నెహ్రూ బస్ స్టేషన్ ప్రాంగణంలోనే ఆర్టీసీ హౌస్. పేచీ అంతా హైదరాబాద్‌లోని ఉమ్మడి ఆస్తుల దగ్గర వచ్చింది.

ఒక రాష్ట్రం బస్సులు ఇంకో రాష్ట్రంలో ఎన్నయినా తిప్పుకోవచ్చా?

కుదరదు. రాష్ట్రాల మధ్య ఒప్పందం ఉండాలి, అది కూడా బస్సుల లెక్కన కాదు, కిలోమీటర్ల లెక్కన. విభజన తర్వాత చాలా కాలం ఒప్పందం లేకుండానే పాత పద్ధతిలో నడిచాయి. 2020 మార్చి లాక్‌డౌన్‌తో అన్నీ ఆగాయి, మళ్లీ మొదలుపెట్టే వేళకు తెలంగాణ అడ్డుపడింది. ఏపీ బస్సులు తెలంగాణలో రోజుకు 2.65 లక్షల కిలోమీటర్లు తిరుగుతున్నాయి, మావి ఏపీలో అంతకంటే బాగా తక్కువ, సమానం చేయండి అన్నది. అదే ఏడాది నవంబర్ 2న ఒప్పందం కుదిరింది. ఏపీ బస్సులు 638, తెలంగాణలో తిరిగేది 1,60,999 కిలోమీటర్లు. తెలంగాణ బస్సులు 826, ఏపీలో తిరిగేది 1,61,258 కిలోమీటర్లు. దాంతో ఏపీ లక్ష కిలోమీటర్లకు పైగా వదులుకుంది. ఆ ఏడు నెలల్లో హైదరాబాద్–విజయవాడ మధ్య బాగుపడ్డది ఎవరో చెప్పనక్కర్లేదు.

ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులేనా?

ఏపీలో అవును. 2019లో చట్టం చేసి, 2020 జనవరి 1 నుంచి దాదాపు 52 వేల మందిని కొత్తగా పెట్టిన ప్రజా రవాణా శాఖలోకి తీసుకున్నారు. విచిత్రమేమిటంటే కార్పొరేషన్ అలాగే ఉంది. బస్సులు కార్పొరేషన్‌వి, మనుషులు ప్రభుత్వం వాళ్లు.

తెలంగాణలో ఇదే డిమాండ్‌తో 2019 అక్టోబర్ 5న మొదలైన సమ్మె 52 రోజులు నడిచింది. డిమాండ్ నెరవేరకుండానే విరమించారు. వెంటనే డిసెంబర్‌లో కిలోమీటరుకు 20 పైసలు ఛార్జీ పెరిగింది. నాలుగేళ్ల తర్వాత, 2023 ఆగస్టులో, రాష్ట్ర అసెంబ్లీ ఆర్టీసీ ఉద్యోగుల విలీనం బిల్లును ఆమోదించింది. సమ్మె చేసినప్పుడు అసాధ్యమన్నది ఎన్నికల ముందు సాధ్యమైంది. కాకపోతే చట్టం రావడం ఒకటి, అమలు కావడం ఇంకొకటి. కార్మికుల తగాదా ఇప్పుడు ఆ రెండో దాని మీద.

పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సూపర్ లగ్జరీ... ఏది ఎక్కాలి?

పల్లెవెలుగు చెయ్యెత్తిన చోటల్లా ఆగుతుంది. ఏపీలో అల్ట్రా పల్లెవెలుగు అని దానికి ఒక మెట్టు పైన ఉంది. ఎక్స్‌ప్రెస్ పెద్ద స్టాపుల్లోనే ఆగాలి, ఎంతవరకు పాటిస్తారన్నది కండక్టర్‌ను బట్టి. డీలక్స్, సూపర్ లగ్జరీ రెండూ ఏసీ లేని పుష్‌బ్యాక్ సీట్ల బస్సులు. ఏసీ కావాలంటే ఇంద్ర, గరుడ, అమరావతి, వెన్నెల స్లీపర్ అని ఏపీలో, రాజధాని, గరుడ ప్లస్, లహరి అని తెలంగాణలో రకరకాలు. నా మట్టుకు రెండు మూడు గంటల ప్రయాణానికి ఎక్స్‌ప్రెస్ చాలు, రాత్రంతా అయితే సూపర్ లగ్జరీకి తక్కువ ఎక్కొద్దు. ఐదేళ్ల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు, పన్నెండేళ్ల దాకా అర టికెట్. ఏపీలో అరవై దాటినవాళ్లకు 25 శాతం రాయితీ ఉంది, వయసు చూపించే కార్డు దగ్గరుంచుకోవాలి.

డిపోలో ఒక బస్సు రోజు ఎలా గడుస్తుంది?

రాత్రి ట్రిప్పు ముగించి బస్సు డిపో గేటులోకి వచ్చాక డీజిల్ కొట్టిస్తారు, కడుగుతారు. డ్రైవర్ లాగ్ షీట్‌లో రాస్తాడు: బ్రేకు లాగుతోంది, ఎడమ వెనక టైరు చూడాలి, వైపర్ పనిచేయడం లేదు. రాత్రి షిఫ్టు మెకానిక్‌లు ఆ కాగితం పట్టుకుని కిందకు దూరతారు. ఎన్ని లీటర్లకు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో లెక్క కడతారు. దీన్ని కేఎంపీఎల్ అంటారు, డిపో మేనేజర్ పొద్దున్నే చూసే అంకెల్లో ఇది ఒకటి. డ్రైవర్ పేరు పక్కన ఈ అంకె తగ్గుతూ వస్తే పిలిచి మాట్లాడతారు, పెరిగితే ప్రోత్సాహకం ఇస్తారు.

కండక్టర్ తెల్లవారుజామున వచ్చి టిమ్ మిషన్ (టికెట్లు కొట్టే యంత్రం), వే బిల్లు (ట్రిప్పుల, టికెట్ల లెక్క రాసే కాగితం) తీసుకుంటాడు. మిషన్లు రాకముందు రంగురంగుల టికెట్ల ట్రే, పంచ్ ఉండేవి. చీకట్లో, కిక్కిరిసిన బస్సులో, వేలి కొసతో టికెట్ చించి చిల్లర లెక్కపెట్టే పని అది. మిషన్ వచ్చినా పోనిది చిల్లర సమస్య. టికెట్ వెనక ‘40’ అని రాసి గుండ్రంగా చుట్టి ఇస్తాడు, దిగేముందు అడిగి తీసుకోవాలి. మరచిపోయి దిగితే ఆ నలభై పోయినట్టే. ఇప్పుడు ఫోన్‌తో కట్టే వీలు వచ్చాక ఈ గుండ్రాలు తగ్గుతున్నాయి. ‘రైట్ రైట్’, ‘హోల్డాన్’ మాత్రం ఇంకా ఎక్కడికీ పోలేదు.

మధ్యలో చెకింగ్ వాళ్లు ఎక్కితే ముందు చూసేది ప్రయాణికుల టికెట్లు కాదు, కండక్టర్ మిషన్‌లో లెక్క, బస్సులో తలలు. రెండూ కలవకపోతే కండక్టర్ మెడకు చుట్టుకుంటుంది. అందుకే టికెట్ తీసుకోమని ఆయన అంతగా వెంటపడేది.

ఇవన్నీ కాక నైట్ అవుట్ బస్సులుంటాయి. చివరి ట్రిప్పుగా ఊరికి వెళ్లి, రాత్రి రచ్చబండ దగ్గరే ఆగి, తెల్లవారి మొదటి ట్రిప్పుగా తిరిగొస్తాయి. డ్రైవర్, కండక్టర్ బస్సులోనో, పంచాయతీ ఆఫీసు అరుగు మీదో పడుకుంటారు. ఎండాకాలం దోమలు, వానాకాలం కారే టాపు. ఊరివాళ్లలో ఎవరో ఒకరు అన్నం పెడతారు. ఆ ఐదున్నర బస్సులోనే కూరగాయల గంపలు, పాల క్యాన్లు, జిల్లా ఆసుపత్రికి పోయే ముసలివాళ్లు, ఇంటర్ పిల్లలు. రోజు మొత్తంలో ఆ రూటుకు డబ్బులొచ్చే ట్రిప్పు అదొక్కటే కావచ్చు.

అద్దె బస్సు, ఎలక్ట్రిక్ బస్సు అంటే ఆర్టీసీవి కావా?

రంగు ఆర్టీసీది, బస్సు ఆర్టీసీది కాదు. అద్దె బస్సులో బండి, డ్రైవర్ యజమానివి, కండక్టర్, టికెట్ డబ్బు ఆర్టీసీవి. తిరిగిన కిలోమీటర్లకు యజమానికి ఇంత అని కడతారు. ఎలక్ట్రిక్ బస్సులూ చాలావరకు ఈ పద్ధతే. హైదరాబాద్‌లో 2019లో శంషాబాద్ విమానాశ్రయం రూట్లలో వచ్చాయి. ఏపీలో 2022 సెప్టెంబర్‌లో తిరుమల కొండ మీదికి మొదలయ్యాయి. బస్సు కొనే భారం సంస్థ మీద పడదు. కానీ సొంత డ్రైవర్ల నియామకాలు, సొంత వర్క్‌షాపుల పని మెల్లగా సన్నబడుతున్నాయి. యూనియన్లు అందుకే దీన్ని దొడ్డిదారి ప్రైవేటీకరణ అంటున్నాయి. ఆ మాటను తీసిపారేయలేం.

మహిళలకు ఉచితమైతే టికెట్ ఎందుకు తీసుకోవాలి?

ఇది కండక్టర్లకు రోజూ ఎదురయ్యే ప్రశ్న. తెలంగాణలో మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9న, ఏపీలో స్త్రీ శక్తి 2025 ఆగస్టు 15న మొదలయ్యాయి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో ఆ రాష్ట్రపు మహిళలకు, బాలికలకు, ట్రాన్స్‌జెండర్లకు వర్తిస్తుంది. రాష్ట్రం దాటితే వర్తించదు. అందుకే గుర్తింపు కార్డు అడుగుతారు.

జీరో టికెట్ మీద మీరు కట్టేది సున్నా, ఆర్టీసీకి రావాల్సింది సున్నా కాదు. ఎక్కడ ఎక్కారు, ఎక్కడ దిగారు, ఛార్జీ ఎంత అన్నది మిషన్‌లో నమోదవుతుంది. ఆ మొత్తాన్నే సంస్థ ప్రభుత్వాన్ని అడుగుతుంది. మీరు టికెట్ తీసుకోకపోతే మీరు ప్రయాణం చేసినట్టు లెక్క ఉండదు, డబ్బూ రాదు.

ఇక జనం సంగతి. పథకం వచ్చాక బస్సులు నిండాయి, ఆక్యుపెన్సీ అంకెలు చూస్తే డిపో మేనేజర్లకు సంతోషం. కానీ బస్సుల సంఖ్య అదే స్థాయిలో పెరగలేదు. నిలబడటానికి చోటు లేని బస్సు కొత్త సమస్య కాదు. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్‌లో లోయలోకి దొర్లిన బస్సులో వందకు పైగా మంది ఉన్నారు, అరవై మందికి పైగా చనిపోయారు. ఉచితం తప్పని కాదు. కూలికి పోయే ఆడమనిషికి రోజుకు అరవై, ఎనభై మిగలడం చిన్న విషయం కాదు. బస్సులు పెంచకుండా టికెట్ ఎత్తేయడం మాత్రం సగం పనే.

ప్రైవేటు ట్రావెల్స్‌కు, ఆర్టీసీకి తేడా ఏమిటి?

పర్మిట్‌లో ఉంది. దారి పొడవునా ఎక్కించుకుంటూ, దింపుతూ, మనిషికింత అని వసూలు చేసే పర్మిట్ స్టేజ్ క్యారేజ్. జాతీయీకరించిన రూట్లలో అది ఆర్టీసీది. ట్రావెల్స్‌వి కాంట్రాక్ట్ క్యారేజ్ లేదా టూరిస్టు పర్మిట్లు. చట్టప్రకారం ఒక బృందాన్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి తీసుకెళ్లడానికి. ఆచరణలో ఎలా నడుస్తున్నాయో రాత్రి పదింటికి ఏ పెద్ద ఊరి కూడలిలో నిలబడినా తెలుస్తుంది. వాళ్లు తీసుకునేది నిండే రూట్లనే. పైన చెప్పిన మిగులు పోతున్నది అక్కడే.

పండగ స్పెషల్ బస్సుల్లో ఛార్జీ ఎందుకు ఎక్కువ?

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి నిండా పోయిన బస్సు తిరిగి ఖాళీగా వస్తుంది. ఆ ఖర్చు రాబట్టుకోవడానికి స్పెషల్ సర్వీసుల్లో ఒకటిన్నర రెట్ల దాకా వసూలు చేసుకోవచ్చని 2003లో 16వ నంబరు జీవో ఇచ్చారు. అదే తెలంగాణలో ఇప్పటికీ ఆధారం. ఏపీఎస్ఆర్టీసీ 2023 సంక్రాంతికి మామూలు ఛార్జీలతోనే స్పెషల్స్ నడిపింది. ఎప్పుడూ తిరిగే రెగ్యులర్ బస్సుకు ఈ పెంపు వర్తించదు, ముందే రిజర్వు చేసుకుంటే బాధ లేదు.

పార్సిల్ పంపొచ్చా?

పంపొచ్చు. ఏపీ 2016లో, తెలంగాణ 2020లో సొంతంగా కార్గో మొదలుపెట్టాయి. ఊరి మామిడిపళ్లు, ఆవకాయ జాడీలు దీని మీదే హైదరాబాద్ చేరుతున్నాయి. శ్రీరామనవమికి భద్రాచలం తలంబ్రాలు ఇంటికి తెచ్చిచ్చే ఏర్పాటూ ఉంది. జాడీ మూతకు గట్టిగా గుడ్డ కట్టండి.

ఆర్టీసీ ఎప్పుడూ నష్టాల్లోనే ఎందుకు?

ఖర్చులో సింహభాగం జీతాలు, డీజిల్. రెండూ సంస్థ చేతిలో లేవు. ఛార్జీ పెంచాలంటే ప్రభుత్వం ఒప్పుకోవాలి, ఎన్నికలు దగ్గరుంటే ఒప్పుకోదు. విద్యార్థి పాసులు, ఇతర రాయితీల సొమ్ము ప్రభుత్వం తిరిగి ఇవ్వాలి, అది ఎప్పుడూ ఆలస్యమే. ఈలోగా అప్పు, దానికి వడ్డీ. పల్లె రూట్ల నష్టం ఉండనే ఉంది. బడికి, ఆసుపత్రికి పెట్టే ఖర్చును ఎవరూ నష్టం అనరు, బస్సు దగ్గరికి వచ్చేసరికి మాత్రం బ్యాలెన్స్ షీట్ తీస్తారు.

మా ఊరికి బస్సు వేయించుకోవాలంటే ఎవరిని అడగాలి?

దగ్గర్లోని డిపో మేనేజర్‌ను. పంచాయతీ లెటర్‌హెడ్ మీద అర్జీ రాసి, ఊరి జనాభా, బడికి, కాలేజీకి పోయే పిల్లలెందరు, ఏ వేళకు బస్సు కావాలో స్పష్టంగా పెట్టండి. ‘రోజుకు పది ట్రిప్పులు’ అని రాస్తే పక్కన పడేస్తారు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అడగండి. వాళ్లొచ్చి రోడ్డు వెడల్పు, కల్వర్టులు, వేలాడే కరెంటు తీగలు, బస్సు తిరిగే చోటు ఉందా అని చూస్తారు. చాలా ఊళ్లకు బస్సు ఆగిపోయింది ఈ చివరిదాని దగ్గరే: మలుపు దగ్గర ఎవరిదో అరుగు ముందుకొచ్చి ఉంటుంది. అది ముందే మాట్లాడుకుని పెట్టుకోండి. కొత్త సర్వీసును కొన్నాళ్లు నడిపి రాబడి చూస్తారు, ఆ రోజుల్లో ఆటో ఎక్కితే బస్సు తీసేస్తారు.